సర్కారు ఖర్చు తగ్గితే దెబ్బ ఎక్కడెక్కడ పడుతుంది? మీ ఏరియాలో ఏం చూస్తున్నారు?

కుషాయిగూడ_వర్క్‌షాప్

అందరికీ నమస్కారం. "ఫలానా శాఖలో ఔట్‌సోర్సింగ్ సిబ్బంది తొలగింపు", "ఫలానా సంస్థకు ఆర్డర్లు తగ్గాయి" అని పేపర్లో వస్తే చదివి పేజీ తిప్పేస్తాం. ఉద్యోగం పోయినవాళ్లకే కదా కష్టం అనుకుంటాం. నాది చిన్న మిషన్ షాపు. మూడు లేతులు, ఒక మిల్లింగ్, అప్పు చేసి కొన్న ఒక సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మిషన్). మా నాన్న కాలం నుంచి ప్రభుత్వ రంగ సంస్థలకు విడిభాగాలు చేసిచ్చే జాబ్‌వర్కే మాకు బతుకు. కోత ఎలా దిగుతుందో నాకు తెలిసింది రాస్తాను, మీ చుట్టుపక్కల చూసింది మీరు రాయండి.

"మీ ఆర్డరు రద్దు" అని మాకు ఎవరూ ఉత్తరం పంపరు. ముందే ధర తేల్చుకున్న రేట్ కాంట్రాక్టు గడువు అయిపోతే కొత్తది పిలవరు, అంతే. చేతిలో ఉన్న పర్చేజ్ ఆర్డరుకు డెలివరీ తేదీ వచ్చే క్వార్టర్‌కు జరిపామని ఒక మెయిల్ వస్తుంది. అప్పటికే స్టీలు కొని, ముక్కను కదలకుండా పట్టే ఫిక్చర్లు చేయించి పెట్టుకుని ఉంటాం. ముందు ఓవర్‌టైమ్ ఆగుతుంది, తర్వాత రెండో షిఫ్టు ఆగుతుంది. పక్క వీధిలో హీట్ ట్రీట్‌మెంట్ చేసే ఆయనకు నేను పంపే పని సగమవుతుంది, ప్లేటింగ్ ఆయనకూ అంతే. సరుకు మోసే ట్రాలీ ఆటో అతను ఇంకో అడ్డా చూసుకుంటాడు. మా షాపు మూతపడలేదు, ఎవరినీ తీసేయలేదు. అందుకే ఏ లెక్కలోనూ మేం కనపడం.

నాకు ఎక్కువ బాధ అనిపించేది ఆపరేటర్ల సంగతి. టూల్ అరుగుతోందని చప్పుడు విని చెప్పగల మనిషి మా దగ్గర ఉండేవాడు. రంధ్రం కొలిచే బోర్ గేజ్ పెట్టకముందే సైజు దగ్గరికొచ్చిందని ఫీడ్ తగ్గించేవాడు. ఓవర్‌టైమ్ లేని జీతంతో ఇల్లు గడవక ఇప్పుడు బైక్ మీద ఫుడ్ డెలివరీ చేస్తున్నాడు. రేపు ఆర్డర్లు తిరిగొచ్చినా అతను తిరిగి రాడు. అలాంటి చేయి తయారు కావాలంటే ఏళ్లు పడుతుంది.

లెక్చరర్_విద్యానగర్

అన్నా, మంచి విషయం ఎత్తారు. నేను డిగ్రీలో ఎకనామిక్స్ చెప్తాను. మీరు రాసిన గొలుసును మా పుస్తకాల్లో మల్టిప్లయర్ అంటారు కానీ, క్లాసులో ఆ ఫార్ములా చెప్పినప్పుడు పిల్లలకు హీట్ ట్రీట్‌మెంట్ షాపు కనపడదు.

హైదరాబాద్ విషయంలో రెండు రకాల ప్రభుత్వ డబ్బును విడిగా చూడాలి. ఒకటి ఢిల్లీ నుంచి వచ్చేది. కంచన్‌బాగ్ వైపు రక్షణ పరిశోధన చేసే డీఆర్‌డీవో ల్యాబులు, క్షిపణులు చేసే బీడీఎల్, ప్రత్యేక లోహాలు చేసే మిధాని. ఇటు ఎలక్ట్రానిక్స్ చేసే ఈసీఐఎల్, అణు ఇంధనం చేసే ఎన్‌ఎఫ్‌సీ. అటు రామచంద్రాపురంలో విద్యుత్ యంత్రాలు చేసే భెల్. దేశం మొత్తం కట్టిన పన్నులో కొంత ఇక్కడ జీతాలుగా, ఆర్డర్లుగా ఖర్చవుతుంది. అది తగ్గితే మన ఊరికి బయటి నుంచి వచ్చే ఆదాయమే తగ్గినట్టు. రెండోది రాష్ట్ర ప్రభుత్వ ఖర్చు. శాఖాధిపతుల ఆఫీసులు, కార్పొరేషన్లు, డైరెక్టరేట్లు దాదాపు అన్నీ ఇక్కడే. ఆదిలాబాద్‌లోనూ ఖమ్మంలోనూ వసూలైన పన్ను జీతం రూపంలో మలక్‌పేటలో, సంతోష్‌నగర్‌లో, దిల్‌సుఖ్‌నగర్‌లో ఖర్చవుతుంది.

ఇంకో మాట. కోత అంటే తొలగింపు ఒక్కటే కాదు. బిస్వాల్ కమిటీ పీఆర్సీ నివేదిక చూడండి. 2021 జనవరిలో బయటికొచ్చింది. తెలంగాణలో మంజూరైన పోస్టులు 4,91,304. పనిచేస్తున్నవాళ్లు 3,00,178. ఖాళీలు 1,91,126. అంటే పదింటిలో దాదాపు నాలుగు కుర్చీలు ఖాళీ. తర్వాత నోటిఫికేషన్లు వచ్చాయి, నియామకాలూ జరిగాయి. కానీ అన్నేళ్లు ఆ జీతాలు మార్కెట్లోకి రాలేదు. ఒక మనిషి రిటైరయ్యాక ఆ కుర్చీని అలాగే వదిలేస్తే దానికి ధర్నా ఉండదు, హెడ్‌లైన్ ఉండదు.

మలక్‌పేట_ఆపరేటర్

సర్ చెప్పిన ఖాళీ కుర్చీల్లో కూర్చుని పని చేసేది మేమే. నేను ఒక ప్రభుత్వ ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ డేటా ఎంట్రీ ఆపరేటర్‌ని. 2021లో వచ్చిన జీవో ప్రకారం మూడు కేటగిరీలు: 15,600, 19,500, 22,750. నాది మధ్యది. పీఎఫ్, ఈఎస్‌ఐ పోను చేతికొచ్చేది 17 వేల పైచిలుకు. పక్క సీటులో రెగ్యులర్ ఆయన చేసే పని, నేను చేసే పని ఒకటే.

మమ్మల్ని తీసేయలేదు. జీతం ఆలస్యం చేస్తారు. ఒకసారి రెండు నెలలు, ఒకసారి మూడు నెలలు. ఏజెన్సీని అడిగితే బిల్లు పాస్ కాలేదంటారు. ఆఫీసులో అడిగితే ఏజెన్సీకి వేశామంటారు.

మా కాలనీలో ఒక చిట్టీ ఉంది. 20 మంది, నెలకు 5 వేలు, లక్ష రూపాయల చిట్టీ. అందులో నేను, మా ఆఫీసులోనే పనిచేసే ఇంకో అక్క, ఒక టైలర్, పాల బూత్ ఆవిడ, ఇద్దరు ఆటోవాళ్లు, ఇలా ఉన్నాం. జీతం రాని నెలల్లో మా ఇద్దరి కిస్తీలు ఆగాయి. చిట్టీ నడిపే పెద్దమ్మ మొదటి నెల తన దగ్గర్నుంచి వేసింది. రెండో నెల వేయలేకపోయింది. ఆ నెల పాట పాడుకున్నది టైలర్. బిడ్డ కాలేజీ ఫీజు కోసం ఎత్తుకున్నాడు. అతనికి చేతికొచ్చిన డబ్బులో పది వేలు తక్కువ. ఆ పది వేలు బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. అతనికి సర్కారుతో ఏ సంబంధమూ లేదు. ఎవరి బిల్లు ఎక్కడ ఆగిందో అతనికి తెలియదు కూడా. కానీ వడ్డీ కట్టేది అతను. నేను ఎదురుపడినప్పుడు ఆయన ఏమీ అనడు. అదే నాకు ఇంకా కష్టంగా ఉంటుంది.

కొండాపూర్_ఐటీ

అందరి బాధా అర్థమవుతోంది. అయినా వేరే వైపు నుంచి కూడా మాట్లాడాలి. ప్రభుత్వ జీతం, ప్రభుత్వ ఆర్డరు, రెండూ ఎవరో కట్టిన పన్నే. నష్టాల్లో ఉన్న సంస్థను ఎంతకాలం మోయాలి? అల్విన్ పోయింది, మందులు చేసే ఐడీపీఎల్ పోయింది, హిందుస్థాన్ కేబుల్స్ పోయింది, హెచ్‌ఎంటీ బేరింగ్స్ పోయింది. హైదరాబాద్ ఆగిందా? అప్పటికన్నా ఎన్నో రెట్లు పెరిగింది. నిజానికి ఐడీపీఎల్ దెబ్బతిన్న తర్వాతే కదా ప్రైవేటు ఫార్మా వచ్చింది, దేశానికే బల్క్ డ్రగ్ (మందుల ముడిపదార్థం) రాజధాని అయ్యాం.

బాలానగర్_రిటైర్డ్

బాబూ, ఐడీపీఎల్ గురించి రాశావు కాబట్టి నేను రాయాలి. మా బంధువుల్లో సగం మంది అక్కడ పనిచేసినవాళ్లే.

నువ్వు చెప్పిన వరస తలకిందులుగా ఉంది. ఐడీపీఎల్ కంపెనీ 1961లో పుట్టింది, సోవియట్ సాయంతో. బాలానగర్ సింథటిక్ డ్రగ్స్ ప్లాంటులో కెమిస్టులు, ఇంజినీర్లు, ఆపరేటర్లు రియాక్టర్ల దగ్గర నిలబడి పని నేర్చుకున్నారు. అంజిరెడ్డి గారు అక్కడ పనిచేసి బయటికొచ్చినవారే. డాక్టర్ రెడ్డీస్ పెట్టింది 1984లో. అప్పటికి ఐడీపీఎల్ నడుస్తూనే ఉంది. అది ఖాయిలా పడ్డ సంస్థల కేసులు చూసే బీఐఎఫ్‌ఆర్‌కు వెళ్లింది 1992లో. మందుకు కాకుండా దాన్ని తయారుచేసే పద్ధతికే పేటెంట్ ఇస్తూ 1970లో చట్టం రావడం ప్రైవేటు ఫార్మా పెరగడానికి ఇంకో కారణం. అంటే ప్రైవేటు ఫార్మా పుట్టింది సంస్థ మూతపడినందుకు కాదు, సంస్థ నడుస్తూ మనుషులకు పని నేర్పినందుకు. మూత పడటం మొదలయ్యాక అక్కడ నేర్చుకోవడానికి కొత్త పిల్లలు ఎవరూ చేరలేదు.

టూల్ రూముల సంగతీ అంతే. బాలానగర్‌లో హెచ్‌ఏఎల్, దగ్గర్లోనే హెచ్‌ఎంటీ, 1968 నుంచి టూల్ డిజైన్ నేర్పే సీఐటీడీ. ఐటీఐ పాసై అప్రెంటిస్‌గా చేరిన కుర్రాడు కొన్నేళ్లకు టూల్ మేకర్ అయి బయటికొచ్చి ఒక షెడ్డు వేసుకునేవాడు. జీడిమెట్లలోనూ బాలానగర్‌లోనూ ఉన్న వర్క్‌షాపు ఓనర్లలో పాతవాళ్లను అడిగి చూడు, ఎక్కడ నేర్చుకున్నావని.

ఇక ఊరు పెరిగింది అంటావా, పెరిగింది. కానీ ఊరు అంటే నీ కొండాపూర్ ఒక్కటే కాదు. వీఆర్‌ఎస్ తీసుకున్నవాళ్లు 45, 50 ఏళ్ల మనుషులు. వాళ్లెవరూ సాఫ్ట్‌వేర్‌లో చేరలేదు. కొందరు ఆ డబ్బుతో కిరాణా పెట్టారు, కొందరు ఫైనాన్స్ కంపెనీల్లో వేసి పోగొట్టుకున్నారు, కొందరు అపార్ట్‌మెంట్ల ముందు వాచ్‌మన్ కుర్చీలో కూర్చున్నారు. ఊరి సగటు పెరిగినంత మాత్రాన వాళ్ల ఇల్లు పెరగలేదు.

కొండాపూర్_ఐటీ

అంకుల్, 1984 సంగతి సరే, ఆ వరస ఒప్పుకుంటాను. నా మొదటి ప్రశ్న అలాగే ఉంది. పని లేని సంస్థలో జీతాలు ఇస్తూ పోవడం కన్నా ఆ డబ్బుతో రోడ్డో, మెట్రోనో వేస్తే ఉద్యోగాలు ఎక్కువ రావా?

లెక్చరర్_విద్యానగర్

వస్తాయి, నిజంగా అక్కడికి మళ్లిస్తే. జీతాల మీద పెట్టే రూపాయి కన్నా రోడ్లూ ప్రాజెక్టుల మీద పెట్టే రూపాయి ఎక్కువ రోజులు పనిచేస్తుందనే మాట ఆర్థికవేత్తలు చెప్పేదే. కానీ కోత పెట్టిన ప్రతిసారీ ఆ డబ్బు ప్రాజెక్టులకు వెళ్లదు. చాలాసార్లు పాత అప్పుల వడ్డీకి వెళ్తుంది. పైగా రోడ్డు వేసిన కాంట్రాక్టరుకే బిల్లు రాకపోతే అది మూలధన వ్యయం అని కాగితం మీద ఉంటుంది, మార్కెట్లో ఉండదు.

మన రాష్ట్రంలో కోత ఒక్క దెబ్బతో దిగిన సందర్భాలు ఉన్నాయి. 1983 ఫిబ్రవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం రిటైర్మెంట్ వయసు 58 నుంచి 55కు తగ్గించింది. వేల మంది ఒకే రోజు ఇంటికెళ్లారు. 1984లో మళ్లీ 58 చేశారు. 1985లో సుప్రీంకోర్టు ప్రభుత్వానికి వయసు తగ్గించే అధికారం ఉందని తేల్చింది. తెలంగాణలో 2020 మార్చి చివర్లో కరోనా పేరుతో ఐఏఎస్, ఐపీఎస్‌లకు 60 శాతం, మిగతా ఉద్యోగులకు 50 శాతం, నాలుగో తరగతి, ఔట్‌సోర్సింగ్ వాళ్లకు 10 శాతం ఆపారు. పెన్షనర్లకూ సగం ఆపారు. తర్వాత విడతలుగా ఇచ్చారు. మా నాన్నగారు పెన్షనరు. డబ్బు వెనక్కి వచ్చింది కానీ, ఆ నెలల్లో మా ఇంట్లో పనిమనిషికి సగం జీతమే ఇచ్చారు. ఆమెకు ఎవరూ విడతలుగా వెనక్కి ఇవ్వలేదు. ఇంట్లో దాని మీద నేను పోట్లాడాను.

డిపో_పక్కన_టిఫిన్స్

2019లో ఆర్టీసీ సమ్మె 52 రోజులు. సుమారు 48 వేల మంది కార్మికులు. సెప్టెంబరు జీతం కూడా చేతికి రాలేదు, మధ్యలో దసరా. మాది బస్ డిపో పక్కన టిఫిన్ సెంటరు. డ్రైవర్లు, కండక్టర్లు ఖాతా పెట్టి తినేవాళ్లు, జీతం రోజున కట్టేవాళ్లు. నేను ఎవరినీ అడగలేకపోయాను. ఇడ్లీ పిండి సగానికి తగ్గించాను, దోశె మాస్టర్‌ని ఊరికి పంపించేశాను. తర్వాత చాలామంది ఖాతా తీర్చారు. కొందరు తీర్చలేదు, వాళ్ల ఇళ్లల్లో ఏం జరిగిందో తెలుసు కాబట్టి ఆ పేజీ చింపేశాను.

మేరీల్యాండ్_తెలుగు

ఇక్కడి నుంచి ఒక మాట. మాది వాషింగ్టన్ పక్కనే ఉన్న మేరీల్యాండ్. నేను ఫెడరల్ ఏజెన్సీకి పనిచేసే కాంట్రాక్టర్ కంపెనీలో ఉన్నాను. 2025 జనవరిలో ప్రభుత్వ ఖర్చు తగ్గించడానికి పెట్టిన డోజ్ మొదలైన తర్వాత ప్రొబేషన్‌లో ఉన్న ఉద్యోగులను తీసేశారు, లక్షన్నర మంది దాకా "ఇప్పుడే రాజీనామా, సెప్టెంబరు దాకా జీతం" అనే స్కీముకు ఒప్పుకున్నారు. మే నెలలో రేటింగ్ సంస్థ మూడీస్ మేరీల్యాండ్ అప్పుల రేటింగును ట్రిపుల్ ఏ నుంచి ఒక మెట్టు దించింది. ఫెడరల్ ఉద్యోగాల మీద ఎక్కువగా ఆధారపడటం ఒక కారణమని చెప్పింది. ఆ పైన బడ్జెట్‌కు ఆమోదం లేక అక్టోబరు 1 నుంచి 43 రోజుల ప్రభుత్వ షట్‌డౌన్.

హైదరాబాద్‌తో దీనికి సంబంధం ఏమిటంటారా? మా ప్రాజెక్టుకు టెస్టింగ్, సపోర్టు చేసే టీమ్ హైదరాబాద్‌లోనే ఉంది. ఇక్కడ టాస్క్ ఆర్డరు ఆగిన వారంలో అక్కడ పిల్లలు ప్రాజెక్టు లేక బెంచ్ మీదికెళ్లారు. మా తెలుగువాళ్లలో తెల్లాపూర్‌లో, కొల్లూరులో ఫ్లాట్ బుక్ చేసినవాళ్లు తర్వాతి ఇన్‌స్టాల్‌మెంట్ ఆపి కూర్చున్నారు. వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజులే గడువు. ఆ టెన్షన్‌లో ఎవరు ఫ్లాటు కొంటారు? కొండాపూర్ తమ్ముడూ, ఐటీకి ప్రభుత్వ ఖర్చుతో పని లేదనుకోకు. అది మన ప్రభుత్వమే కానక్కర్లేదు.

లెక్చరర్_విద్యానగర్

దీనికి ఇంకొకటి కలపాలి. దేశంలోనే మొదటి ట్రాన్స్‌జెండర్ క్లినిక్ మిత్ర్ 2021లో హైదరాబాద్‌లోనే మొదలైంది. అమెరికా ప్రభుత్వ సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ నిధులు ఆగడంతో 2025 జనవరిలో మూతపడింది. తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరిచారు. అక్కడ పనిచేసే డాక్టరు, కౌన్సిలరు ట్రాన్స్ సమాజం వాళ్లే. వాళ్లకు అది ఉద్యోగం, వచ్చేవాళ్లకు భయం లేకుండా మందులు తీసుకునే చోటు. వాషింగ్టన్‌లో ఒక సంతకం పడితే హైదరాబాద్‌లో ఒక క్లినిక్ తలుపు మూసుకుంది.

ఆదిభట్ల_వెండర్

ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి కదా. 2020 ఆగస్టు నుంచి రక్షణ శాఖ దిగుమతి చేయకూడని వస్తువుల జాబితాలు ఇస్తోంది. ఆకాశ్ లాంటి క్షిపణుల ఆర్డర్లు బీడీఎల్‌కు వచ్చినప్పుడు కింది స్థాయి వెండర్లకు పని దొరికింది. మా దగ్గర డిప్లొమా పిల్లలను కొత్తగా తీసుకున్నాం. ప్రభుత్వ ఆర్డరు తగ్గితే ఎలా కుంగుతామో, పెరిగితే అలా లేస్తాం. అందుకే ఒకే కస్టమర్ మీద బతకకూడదని నేను ఎయిరోస్పేస్ ఎగుమతి పని కూడా పట్టుకున్నాను. కుషాయిగూడ అన్నా, మీరు ఎయిరోస్పేస్ నాణ్యతకు ఇచ్చే ఏఎస్ 9100 సర్టిఫికెట్‌కు వెళ్లారా?

కుషాయిగూడ_వర్క్‌షాప్

ఆలోచించాను తమ్ముడూ. ఆడిట్ ఫీజు, కన్సల్టెంటు, కొత్త కొలత పరికరాలు అన్నీ కలిపితే లక్షల్లో ఉంది. నాకు రావాల్సిన బిల్లులే వస్తే రేపే వెళ్తాను. నా అసలు బాధ అక్కడే. సరుకు ఇచ్చాను, ఇన్‌స్పెక్షన్ పాసైంది, ఎనిమిది నెలలైంది. ఇన్వాయిస్ వేశాను కాబట్టి 18 శాతం జీఎస్టీ మాత్రం తర్వాతి నెల 20వ తేదీకే నా జేబులోంచి కట్టాను. రాని డబ్బుకు పన్ను కట్టి, ఆ పన్ను కోసం ఓవర్‌డ్రాఫ్ట్ వాడి, దానికి బ్యాంకు వడ్డీ కడుతున్నాను. నా లెక్కలో ఇది ఆలస్యం కాదు, కోతే.

సివిల్_వర్క్స్_ఎల్బీనగర్

అన్నా, మాది ఇంకా ఘోరం. చిన్న చిన్న డ్రైన్లు, సీసీ రోడ్లు చేస్తాం. పని అయింది, కొలతల పుస్తకంలో (ఎంబీ) రికార్డు అయింది, బిల్లు అప్‌లోడ్ అయింది, టోకెన్ నంబరు వచ్చింది. అంతే, అక్కడే ఉంది. మేస్త్రీకి, అడ్డా కూలీలకు ఏ పూటకా పూట ఇచ్చేయాలి. పాలమూరు నుంచి వచ్చి గుడిసెల్లో ఉన్నవాళ్లకు టోకెన్ నంబరు చూపించలేను కదా. భార్య నగలు గిర్వి పెట్టాను. 2025లో చిన్న కాంట్రాక్టర్లు సచివాలయం లోపలే ధర్నాకు కూర్చున్నారంటే ఊరికే కూర్చోలేదు. ఈ సంవత్సరం నేను కొత్త టెండరు వేయలేదు. నాతో పాటు వేయనివాళ్లు చాలామంది ఉన్నారు. పోటీ తగ్గితే రేట్లు పెరుగుతాయి, అప్పుడు సర్కారుకే ఖర్చు ఎక్కువ.

కొండాపూర్_ఐటీ

ఇది మాత్రం ఏ వాదనతోనూ సమర్థించలేం. కొత్త పోస్టులు ఇవ్వాలా వద్దా అనేది పాలసీ. చేయించుకున్న పనికి డబ్బు ఇవ్వకపోవడం పాలసీ కాదు. 45 రోజుల రూలు ఉంది కదా, అది ఎవరికీ పనిచేయడం లేదా?

సీఏ_హిమాయత్‌నగర్

పనిచేస్తుంది, కానీ అందరికీ ఒకేలా కాదు. కాస్త వివరంగా రాస్తాను.

2006 ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం సరుకును అంగీకరించిన రోజు నుంచి, ఒప్పందంలో ఏం రాసుకున్నా, 45 రోజులు దాటకూడదు. దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. ఈ బకాయి కేసులు చూసే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. కౌన్సిల్ మీకు అనుకూలంగా ఇస్తే, కొనుగోలుదారు కోర్టుకు వెళ్లాలంటే ముందు 75 శాతం డిపాజిట్ చేయాలి. ఇది గట్టి ఆయుధం.

2023-24 ఆర్థిక సంవత్సరం లెక్కల నుంచి ఇన్‌కమ్ టాక్స్‌లో 43బీ(హెచ్) అనే సెక్షన్ కూడా వచ్చింది. సూక్ష్మ, చిన్న యూనిట్లకు గడువులో కట్టకపోతే ఆ ఖర్చును కొనుగోలుదారు ఆ ఏడాది చూపించుకోలేడు. దీనివల్ల మా క్లయింట్లలో ప్రైవేటు కంపెనీల నుంచి మార్చిలో డబ్బులు తొందరగా వచ్చాయి. ప్రభుత్వ శాఖ ఇన్‌కమ్ టాక్సే కట్టదు కాబట్టి దానికి ఈ సెక్షన్ తగలదు. ప్రభుత్వ రంగ కంపెనీకి తగులుతుంది.

ఎల్బీనగర్ అన్నా, మీ విషయంలో ఒక చిక్కు ఉంది. సివిల్ పనులు వర్క్స్ కాంట్రాక్టు కిందికి వస్తాయి. వాటికి ఈ చట్టం వర్తించదని కొన్ని హైకోర్టు తీర్పులు ఉన్నాయి. మీరు లాయర్‌ను కలిసి హైకోర్టులో రిట్ దారి చూడటం మంచిది. టోకెన్ నంబరు, ఎంబీ కాపీ, పని పూర్తయినట్టు సర్టిఫికెట్ మూడూ దగ్గర పెట్టుకోండి.

కుషాయిగూడ అన్నా, మీది సరుకు సరఫరా కాబట్టి దారి సులువు. ఆర్డరు తీసుకునే నాటికే చిన్న పరిశ్రమగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉందా?

కుషాయిగూడ_వర్క్‌షాప్

ఉంది సర్. పాత ఉద్యోగ్ ఆధార్ నుంచి మార్పించుకున్నాను. కానీ కేసు పెడితే వెండర్ లిస్టులోంచి తీసేస్తారని మా వాళ్లందరికీ భయం. నాకూ ఉంది. ఆర్డర్లే తక్కువ ఉన్న రోజుల్లో ఉన్న ఒక్క కస్టమర్‌తో తగాదా ఎలా పెట్టుకుంటాం?

సీఏ_హిమాయత్‌నగర్

ఆ భయం నిజమే, చాలామంది దాని వల్లే ఆగిపోతారు. అందుకని ఒక్కరే వెళ్లకండి. మీ ఇండస్ట్రియల్ ఏరియా అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద, బకాయిలు ఉన్న యూనిట్లన్నీ కలిపి ముందు ఆ సంస్థ ఫైనాన్స్ హెడ్‌కు ఒక ఉత్తరం ఇవ్వండి. ఎవరికి ఎంత, ఏ తేదీ నుంచి, చట్టం ప్రకారం వడ్డీ ఎంత అయిందో పట్టిక వేసి పెట్టండి. పట్టిక నేను వేసిస్తాను, ఫీజు వద్దు. అలాగే వాళ్లు ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ వేదికలో ఉన్నారేమో చూడండి. ఉండి మీ బిల్లును అక్కడ అంగీకరిస్తే బ్యాంకు డిస్కౌంటు చేసి మీకు ముందే డబ్బు ఇస్తుంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే అప్పుడు కౌన్సిల్‌లో కేసు వేద్దాం.

ఆదిభట్ల_వెండర్

నేనూ పేరు ఇస్తాను. నాకూ రెండు పాత బిల్లులు ఉన్నాయి.

కుషాయిగూడ_వర్క్‌షాప్

సరే సర్. ఆదివారం అసోసియేషన్ ఆఫీసులో కూర్చుందాం. చర్లపల్లి, మౌలాలి వాళ్లకు కూడా చెప్తాను. ఇన్వాయిస్, డెలివరీ చలాన్, ఇన్‌స్పెక్షన్ నోట్, ఉద్యమ్ కాపీ, ఈ నాలుగూ అందరినీ తెమ్మంటాను.